తంతి మాదిరి నాలుగు మాటలు.. తోటకాడే బేరం

చెట్టు మీద కాయ ఉన్నంతవరకే రైతు మాటకు విలువ. కోసి బండికెత్తాక ధర చెప్పేది ఎదుటివాడే. దామలచెరువు మండీకి తోలినా, బంగారుపాళెం యార్డుకు తోలినా, గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడినా ఇదే వరస. 2025 సీజన్‌లో తోతాపురికి ఏం గతి పట్టిందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 రూపాయలు దక్కేటట్టు సర్కారే నిర్ణయం చేయాల్సి వచ్చింది. అయినా కాయ దింపుకోడానికి ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి.

ఇంకోపక్క తిరుపతిలో, బెంగళూరులో, చెన్నైలో మంచి బేనీషా, ఇమాంపసంద్ కాయ దొరికితే కొనుక్కునే సంసారులు దండిగా ఉన్నారు. వాళ్లకు మీ తోట ఎక్కడుందో తెలియదు. వాళ్లెవరో మీకూ తెలియదు. మీ జేబులో ఉన్న ఫోనుతో ఈ ఎడాన్ని కొంతవరకు పూడ్చుకోవచ్చు. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. రోజుకు నాలుగు మాటలు రాయడం, రాసిన మాట నిలబెట్టుకోవడం వస్తే చాలు. ఎట్లా మొదలుపెట్టాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో ఈ వారం చూద్దాం.

చిట్టి రాత అంటే ఏమిటి?

పాతకాలంలో తపాలాఫీసుకు పోయి తంతి ఇచ్చిన పెద్దలకు ఈ సంగతి సులభంగా అర్థమవుతుంది. తంతికి మాటల లెక్కన రుసుము. అందుకే అవసరమైన మాట మాత్రమే రాసేవాళ్లు. ‘అమ్మాయికి సంబంధం కుదిరింది. బయలుదేరి రండి’ అంటే అయిపోయె. ఆ తంతి సేవ 2013 జులైలో మన దేశంలో మూతపడింది. రాసే పద్ధతి మాత్రం ఫోనులోకి వచ్చి చేరింది.

ఫోను మెసేజీకి 160 అక్షరాల హద్దు ఉండేది. 2006లో అమెరికాలో ట్విటర్ మొదలైనప్పుడు ఆ హద్దునే లెక్కలోకి తీసుకుని, రాసేవాడి పేరుకు 20 వదిలి, 140 అక్షరాలకు కట్టడి పెట్టారు. 2017లో దాన్ని 280 చేశారు. 2023లో ఆ ట్విటర్ పేరే ఎక్స్ అయింది. ఇట్లా నాలుగు ముక్కల్లో రాసి నలుగురికీ చూపించడాన్ని మైక్రోబ్లాగింగ్ అంటున్నారు. మనం చిట్టి రాత అనుకుందాం. తెలుగులో రాసేటప్పుడు గుణింతాలు, ఒత్తులు కూడా విడిగా లెక్కకొస్తాయి. కాబట్టి ఎక్స్‌లో మనకు దొరికే చోటు ఇంకా తక్కువ.

మన ఊళ్లలో ఎక్స్ వాడేవాళ్లు తక్కువే. కానీ వాట్సాప్ లేని ఇల్లు అరుదు. 2017లో వాట్సాప్‌లో వచ్చిన స్టేటస్ కూడా చిట్టి రాతే. ఒక ఫొటో, రెండు వాక్యాలు పెడితే 24 గంటలు కనిపించి పోతుంది. పండగ శుభాకాంక్షలకు, సినిమా పాటలకు వాడుతున్న ఆ చోటును పంట అమ్మకానికి వాడుకోవడమే మనం చేయాల్సింది.

ఒక్క ట్వీటుకు ట్రాక్టరు.. అది మనకు దారి కాదు

చిట్టి రాతకు ఎంత బలముందో మన ప్రాంతం కళ్లారా చూసింది. 2020 జులైలో, అప్పటి చిత్తూరు జిల్లా కె.వి.పల్లె మండలంలో ఒక రైతు కుటుంబం ఎద్దులు లేక ఆడబిడ్డలతో కాడి లాగించి దుక్కి చేసుకుంటున్న వీడియో ట్విటర్‌లో తిరిగింది. అది చూసిన సినిమా నటుడు సోనూ సూద్ మొదట ఎద్దులు పంపిస్తానన్నారు. తర్వాత ట్రాక్టరే ఇస్తానని రాశారు. ఆ రోజే ట్రాక్టరు ఆ ఇంటికి చేరింది.

అదే ఏడాది లాక్‌డౌన్ సమయంలో కర్ణాటక, తమిళనాడు సరిహద్దున క్యాబేజీ వేసిన ఒక రైతు, కొనే దిక్కు లేదని ట్విటర్‌లో వీడియో పెట్టాడు. బెంగళూరు నుంచి కొనేవాళ్లు ముందుకొచ్చారు. అంతకుముందు 2012లో మహారాష్ట్రలోని సాంగ్లీ పసుపు రైతులు ధర పడిపోయినప్పుడు ఫేస్‌బుక్‌లో ఒకరికొకరు చెప్పుకుని వేలానికి సరుకు తీసుకుపోకుండా ఆగారు.

ఇవన్నీ నిజంగా జరిగినవే. అయితే చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. తామూ ఒక వీడియో పెడితే లక్షలమంది చూస్తారని, మర్నాడే లారీ వస్తుందని ఎదురుచూస్తారు. నలుగురు కూడా చూడకపోతే ఇదంతా ఉత్తిదేనని వదిలేస్తారు. కష్టంలో ఉన్నవాడికి సాయం రావడం వేరు, ఏటా పంట అమ్ముకోవడం వేరు. చిన్న రైతుకు కావలసింది లక్షమంది చూపు కాదు. మళ్లీ మళ్లీ కొనే యాభై ఇళ్లు. ఈ రాత మొత్తానికి ముఖ్యమైన మాట ఇదొక్కటే.

ఏ పంటకు పనికొస్తుంది? ఏది వద్దు?

ముందు మీ చేలో ఏముందో చూసుకోండి. పది టన్నుల తోతాపురి ఉంటే స్టేటస్ పెట్టి అమ్మలేరు. అది గుజ్జుకు పోయే కాయ. ఇళ్లవాళ్లు కొనేది కొంచెమే. ఆ కాయకు ఫ్యాక్టరీ, మండీ, ప్రభుత్వ మద్దతు ఇవే దారులు. అయితే మన తోటల్లో తోతాపురి మధ్యన పది బేనీషా చెట్లు, రెండు ఇమాంపసంద్ చెట్లు, ఖాదరు, మల్లిక ఉండనే ఉంటాయి. మండీలో ఆ కొంచెం కాయకు అడిగేవాడు ఉండడు. చిట్టి రాతకు సరిపోయేది సరిగ్గా ఆ కొంచెం కాయే.

అట్లే నాటుకోడి గుడ్లు, గానుగ ఆడించిన వేరుశెనగ నూనె, బెల్లం, చింతపండు, మునగ, నిమ్మ, రాగులు, కంది పప్పు.. ఇళ్లకు నేరుగా పోయే సరుకులన్నీ పనికొస్తాయి. టమాటా విషయంలో తొందరపడొద్దు. కోసిన సరుకు నిలవుండదు, ధర రోజుకొక తీరుగా మారుతుంది. మదనపల్లె మార్కెట్‌కు తోలేవాళ్లు తోలుతూనే, వారానికి పది పెట్టెలకు మించకుండా దగ్గరి టౌనులో ప్రయత్నించి చూడాలి.

మొదటి ఏడాది మీ పంటలో పదో వంతుకు మించి ఈ దారిలో పెట్టొద్దు. మిగతాది పాత పద్ధతిలోనే అమ్మండి. మండీతో ఉన్న సంబంధం తెంచుకుని, ఇక్కడా కుదరక, రెంటికీ చెడిన రేవడి కావద్దు.

వాట్సాప్‌తోనే మొదలు

ఈ పనికి కొత్త ఫోను కొననక్కర్లేదు. వాట్సాప్ బిజినెస్ అనే యాప్ ఉచితంగానే దొరుకుతుంది. అందులో తోట పేరు, ఊరు, సరుకుల ఫొటోలు, ధరలు ఒకచోట పెట్టుకోవచ్చు. సొంత నంబరు బయటపెట్టడం ఇష్టం లేకపోతే, ముఖ్యంగా ఇంటి ఆడవాళ్లు ఈ పని చూస్తుంటే, అమ్మకాలకు వేరే సిమ్ము పెట్టుకోవడం మేలు.

స్టేటస్ విషయంలో ఒక మెలకువ ఉంది. మీ నంబరు ఎదుటివాళ్ల ఫోనులో, వాళ్ల నంబరు మీ ఫోనులో దాచుకుని ఉంటేనే మీ స్టేటస్ వాళ్లకు కనిపిస్తుంది. ఈ సంగతి తెలియక చాలామంది ‘రోజూ పెడుతున్నా ఎవరూ చూడడం లేదే’ అంటుంటారు. కాబట్టి సరుకు ఇచ్చిన ప్రతిసారీ ‘నా నంబరు దాచుకోండమ్మా, మళ్లీ కోత పడినప్పుడు మీకు తెలుస్తుంది’ అని నోటితో అడగాలి. పెట్టె మీద తోట పేరు, నంబరు రాసిన చీటీ అంటించాలి.

ఒకే మెసేజీని ఒకేసారి చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టు కూడా ఉంది. ఒక లిస్టులో 256 మంది దాకా పెట్టుకోవచ్చు. దీనికీ వాళ్ల ఫోనులో మీ నంబరు ఉండాలి. అడగనివాళ్లకు మెసేజీలు గుప్పించొద్దు. విసుగొచ్చి పదిమంది ఫిర్యాదు చేస్తే మీ నంబరునే వాట్సాప్ ఆపేస్తుంది. 2023లో వచ్చిన ఛానల్ అనేది కొనేవాళ్లు నూరు, రెండు నూర్లు దాటాక ఆలోచించవచ్చు. అందులో చూసేవాళ్ల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు.

ఎక్స్ ఎవరికి? బెంగళూరు, హైదరాబాదు కొనుగోలుదార్లను చేరాలనుకునేవాళ్లకు, పదిమంది కలిసి సంఘంగా అమ్మేవాళ్లకు అది పనికొస్తుంది. ఒంటరి రైతు మొదటి ఏడాదే దాని జోలికి పోనక్కర్లేదు.

మెసేజీలో ఆరు సంగతులు

‘మా తోటలో మంచి మామిడికాయలు కలవు. కావలసినవారు సంప్రదించండి’ అని రాస్తే ఎవరూ ఫోను చేయరు. ఎందుకంటే కొనేవాడికి కావలసింది ఒక్కటీ అందులో లేదు. మంచి మెసేజీలో ఆరు ఉండాలి. ఏ రకం, ఎప్పుడు కోత, ఎంత తూకం, ధర ఎంత, ఎక్కడ ఎప్పుడు ఇస్తారు, ఎన్ని ఉన్నాయి. ఉదాహరణకు చూడండి:

‘బేనీషా. ఆదివారం కోత. గడ్డిలో మాగేస్తాం. 5 కిలోల పెట్టె 300 రూపాయలు. శనివారం పొద్దున 7 నుంచి 9 దాకా తిరుపతి బస్టాండు కాడ ఇస్తాం. 20 పెట్టెలే. కావాలంటే పేరు, ఎన్ని పెట్టెలో పంపండి.’

ధర లెక్క కోసం వేసిందే, మీ ధర మీరు వేసుకోండి. రాసిన పద్ధతి చూడండి. ఒక్క మాట కూడా వృథా లేదు. మళ్లీ ఫోను చేసి అడగాల్సింది ఏమీ లేదు. ‘20 పెట్టెలే’ అన్న మాట నిజమైతేనే రాయాలి. ఇరవై అని చెప్పి నలభై అమ్మితే రెండో వారానికే మీ మాటకు విలువ పోతుంది.

ఫొటో తీసేందుకు పెద్ద కెమెరా పని లేదు. పొద్దున ఎండ ఎక్కకముందు, చెట్టుకింద తీయండి. పెట్టెలో పైన పెద్దకాయలు పేర్చి తీయొద్దు. మామూలు కాయ ఎట్లా ఉంటుందో అట్లాగే చూపండి. నల్లమచ్చ ఉంటే ఉందని, చిన్నకాయ అయితే చిన్నకాయ అని చెప్పండి. ఇంకొకరి తోట ఫొటో, ఫోనులో దొరికిన ఫొటో ఎప్పుడూ పెట్టొద్దు.

కాయ లేనప్పుడు కూడా రాయాలి

కోత సమయంలోనే గుర్తుకొచ్చే రైతును కొనేవాళ్లు గుర్తుపెట్టుకోరు. పూత వచ్చినప్పుడు ఒక ఫొటో, పిందె కట్టినప్పుడు ఒకటి, గాలివానకు కాయ రాలితే అదీ ఒకటి పెట్టండి. ‘నిన్న గాలికి పదో వంతు రాలిపోయింది. ఈసారి కోత వారం ఆలస్యం’ అని రాస్తే ధర ఎందుకు పెరిగిందో రేపు వేరే చెప్పనక్కర్లేదు. మామూలు రోజుల్లో వారానికి రెండు, కోత రోజుల్లో దినానికి ఒకటి చాలు. పొద్దున్నే గానీ, రాత్రి అన్నాలయ్యాక గానీ పెడితే జాస్తి మంది చూస్తారు.

కొనేవాళ్లను ఎక్కడ వెతకాలి? మీ ఊరి పిల్లలే దారి. బెంగళూరులో, చెన్నైలో ఉద్యోగాలు చేసే అక్క కొడుకో, పక్కింటి అమ్మాయో ఉంటారు. వాళ్లుండే అపార్టుమెంటుకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంటుంది. మీ మెసేజీని వాళ్లు అందులో పెడితే, ఒకే గేటు ముందు ముప్పై పెట్టెలు దిగుతాయి. ఇల్లిల్లూ తిరిగే ఖర్చు తప్పుతుంది. మన పక్కనే కర్ణాటకలో 2019 నుంచి మామిడి అభివృద్ధి సంస్థ, తపాలా శాఖ కలిసి రైతుల కాయను 3 కిలోల పెట్టెల్లో బెంగళూరు ఇళ్లకు చేర్చే పద్ధతి తెచ్చాయి. చిన్న పెట్టెకు గిరాకీ ఉందని దాన్నిబట్టే తెలుస్తుంది.

మనకూ ఈ ఆలోచన కొత్త కాదు. 1999లో రైతుబజార్లు పెట్టిందే దళారి లేకుండా రైతు నేరుగా అమ్ముకోవాలని. ఫోను ఆ బజారును కొంచెం దూరం తీసుకుపోతుంది, అంతే.

కాయ బాగుంటేనే రాత నిలిచేది

మండీలో ఒకసారి ముదరని కాయ కలిపినా ఎవరి తోటదో తెలియకుండా పోతుంది. ఇక్కడ ప్రతి పెట్టె మీదా మీ పేరే ఉంటుంది. భుజాలు నిండిన కాయనే కోయండి. అనుమానముంటే నీళ్లలో వేసి చూడండి. ముదిరిన కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. చిక్కంతో కోసి, కొంచెం తొడిమ ఉంచితే సొన కారి కాయ మచ్చపడదు. కింద పడిన కాయ పెట్టెలో పెట్టొద్దు.

కార్బైడుతో మాగేయడం చట్టప్రకారం నిషేధం. ఆ మాట కొనేవాళ్లకూ తెలుసు, అందుకే వాళ్లు తోటకాడి కాయ కోసం వెతుకుతున్నారు. గడ్డిలో మాగేస్తే అదే రాయండి. ఇథిలీన్ గ్యాసు గదిలో మాగేస్తే అదీ దాచనక్కర్లేదు, దానికి పరిమితి మేరకు అనుమతి ఉంది. మందు కొట్టిన తోటకు ‘సేంద్రియం’ అని పేరు పెట్టి అమ్మొద్దు. పండించిన కాయను అట్లాగే అమ్మే రైతుకు ఆహార భద్రతా చట్టం కింద లైసెన్సు అక్కర్లేదు. అదే ఊరగాయ, తాండ్ర, నూనె చేసి అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు చేయించుకోవాలి. డ్వాక్రా సంఘాల అక్కచెల్లెళ్లు ఈ సంగతి ముందే చూసుకోవాలి.

రెట్టింపు ధర, రెట్టింపు లాభం కాదు

ఇక లెక్క. అంకెలు ఊహకు వేసుకున్నవే, మీ ఊరి ధరలతో మళ్లీ వేసుకోండి. వంద కిలోల బేనీషాకు మండీలో కిలో 30 చొప్పున 3,000 వచ్చిందనుకుందాం. కమీషను, హమాలీ, తరుగు, బండి బాడుగ కలిపి 400 పోతే 2,600 మిగులుతుంది.

అదే వంద కిలోలు 20 పెట్టెలు చేసి 300 చొప్పున అమ్మితే 6,000. అట్టపెట్టెలకు 500, బాడుగ 700, చెడిపోయి మార్చి ఇవ్వాల్సిన రెండు పెట్టెలకు 600, ఒక మనిషి రోజు కూలి 500 తీసేస్తే మిగిలేది 3,700. అంటే వంద కిలోల మీద లాభం 1,100 రూపాయలు. 3,000 కాదు. చిన్న కమతానికి ఇది తక్కువేమీ కాదు గానీ, మీ కూలి, బాడుగ లెక్కలో వేసుకోకుండా మురిసిపోవద్దు. పెట్టెలు పది కూడా అమ్ముడుపోని వారం బాడుగే మింగేస్తుంది. అందుకే ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి ఒకే బండిలో పంపుకోవాలి.

డబ్బు దగ్గర జాగ్రత్త

ఫోనులో అమ్మకం మొదలుపెట్టగానే మోసగాళ్లు కూడా ఫోను చేస్తారు. మిలిటరీ ఆఫీసర్ననో, పెద్ద హోటలు మేనేజరుననో చెప్పి, బేరమాడకుండా వంద పెట్టెలు కావాలంటారు. డబ్బు వేయడానికి ఒక క్యూఆర్ కోడు పంపి, స్కాన్ చేసి పిన్ను కొట్టమంటారు. ఒక్కటి గుర్తుంచుకోండి. మనకు డబ్బు రావడానికి పిన్ను కొట్టే పనే లేదు. పిన్ను కొట్టమన్నారంటే మీ ఖాతాలోంచి పోతుందన్నమాట. ఎదుటివాడు పంపిన ‘డబ్బు వేశాం’ అనే ఫొటో నమ్మొద్దు, బ్యాంకు ఖాతాలో చూసుకున్నాకే పెట్టె ఎత్తించండి. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. కొత్తవాళ్ల దగ్గర సగం ముందే తీసుకోండి, అరువు మాట రానివ్వొద్దు.

నంబర్లు నోటుబుక్కులో రాయండి

చివరి జాగ్రత్త అన్నిటికంటే ముఖ్యం. యాప్‌లు మన సొత్తు కాదు. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను కేంద్రం నిషేధించినప్పుడు దాని మీద ఆధారపడినవాళ్లంతా ఒక్కరోజులో చూసేవాళ్లను పోగొట్టుకున్నారు. అదే ఏడాది బెంగళూరులో మన భాషల కోసం మొదలైన కూ, ట్విటర్‌కు పోటీ అవుతుందన్నారు. 2024 జులైలో మూతపడింది. కాబట్టి కొన్నవాళ్ల పేరు, నంబరు, ఏ ఊరు, ఏ రకం ఎన్ని పెట్టెలు, బాగుందన్నారా లేదా అన్నది ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఫోను పోయినా, యాప్ పోయినా ఆ పుస్తకం ఉంటే వచ్చే ఏడాది వ్యాపారం ఉంటుంది.

ఈ వారం చేయాల్సింది ఇంతే. ఇంట్లో ఫోను బాగా తెలిసిన పిల్లను గానీ, పిల్లవాణ్ని గానీ కూర్చోబెట్టుకుని, మీకు తెలిసిన ఇరవైమంది టౌను వాళ్ల నంబర్లు దాచుకోండి. మీ నంబరు దాచుకొమ్మని వాళ్లకు ఒక్కొక్కరికి ఫోను చేసి చెప్పండి. మీ చేలో ఇప్పుడు ఏముందో ఒక ఫొటో, రెండు వాక్యాలు స్టేటస్‌లో పెట్టండి. ఎవరైనా అడిగితే జవాబు ఆ రోజే ఇవ్వండి. ఇరవైమందిలో ముగ్గురు కొన్నా మొదటి వారానికి అది మంచి బేరమే.